మూడో వారంలో ఒక బుధవారం

నేను వ్యాయామం చేయిస్తున్న పెద్దావిడకు తుంటి ఎముక విరిగి, సగం కీలు మార్చిన ఆపరేషన్ అయింది. ఇది మూడో వారం. వయసు మీద పడినవాళ్ళకు ఈ దశలో పొద్దున మంచం దిగే ఐదు నిమిషాలు చాలా ముఖ్యం. రాత్రంతా పడుకుని ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. అందుకే ముందు పడుకునే పాదాలు పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించాలి, తర్వాత మంచం అంచున కాళ్ళు కిందికి పెట్టి రెండు మూడు నిమిషాలు కూర్చోవాలి. నిలబడిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 తగ్గితే ఆ పూట నడిపించకూడదు. నీళ్ళు తక్కువ తాగడం, రక్తహీనత, బీపీ మాత్రల మోతాదు, ఈ మూడింటినీ డాక్టరు చూడాలి.

డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రను నడకకు అరగంట, ముప్పావుగంట ముందే వేయాలి. నొప్పి మొదలయ్యాక వేస్తే అది పనిచేసేసరికి నడిచే ఓపిక అయిపోతుంది.

వాకర్ ఎత్తు ఈరోజు మళ్ళీ సరిచేయాల్సి వచ్చింది. చేతులు వదులుగా వేలాడేసి నిలబడితే పిడి మణికట్టు గీత దగ్గరకు రావాలి. అంతకంటే ఎత్తైతే భుజాలు బిగుసుకుంటాయి, తక్కువైతే నడుము వంగిపోతుంది. లేచేటప్పుడు వాకర్‌ను పట్టుకుని లాగితే అది మీదికి ఒరుగుతుంది. కుర్చీ అంచుకు జరిగి, ఆపరేషన్ అయిన కాలు కాస్త ముందుకు పెట్టి, కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవాలి. నిలదొక్కుకున్నాకే చేతులు వాకర్ మీదికి. అడుగుల వరుస: వాకర్, ఆపరేషన్ కాలు, మంచి కాలు. సాయం చేసేవాళ్ళు చంకలో చెయ్యి వేసి ఎత్తకూడదు. ఆపరేషన్ వైపు కాస్త వెనకగా నిలబడి ఆవిడ నడుముకు కట్టిన పట్టీ పట్టుకుంటే చాలు.

నాకు అసలు దిగులు ఈ అరగంట వ్యాయామం గురించి కాదు, మిగతా రోజు గురించి. పొద్దున బాగా నడిచారని సాయంత్రం దాకా మంచం మీదే ఉంచుతారు. అది విశ్రాంతి అనుకుంటారు గానీ, తొడ కండ కరిగిపోయేది అప్పుడే. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి కుర్చీలోంచి లేచి కూర్చోవడం, ఒకసారికి ఐదు చొప్పున చేసినా, ఒక్కపూట సుదీర్ఘ నడకకంటే మేలు. కుర్చీ మోకాలికంటే ఎత్తుగా ఉండాలి. కీలు మార్చేటప్పుడు వెనక నుంచి కోసి ఉంటే తుంటి 90 డిగ్రీలు దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. కింద పడిన వస్తువు కోసం వంగడమే ఎక్కువ ప్రమాదం.

మళ్ళీ పడతానేమోనన్న భయం కండల బలహీనతంత గట్టిగా కాళ్ళు కట్టేస్తుంది. ధైర్యం మాటలతో రాదు. అలవాటైన గదిలో, చేతికందే దూరంలో మనిషిని ఉంచి, రోజూ రెండడుగులు పెంచితేనే వస్తుంది.

సాయంత్రం నడకలో ఒంటి కాలి మీద బరువు పడ్డప్పుడు నడుము రెండోవైపుకు జారింది. పిరుదు పక్క కండ ఇంకా బలపడలేదు. వాకర్ మానేసి కర్ర పట్టుకోవాలని ఆవిడ తొందర, కానీ ఆ కుంటు ఉండగా మారిస్తే అదే అలవాటైపోతుంది. కర్ర పట్టే రోజు వస్తే అది మంచి కాలి వైపు చేతిలోనే ఉండాలి. అప్పుడే ఆపరేషన్ కీలు మీద భారం తగ్గుతుంది.

పిక్క ఒక్కవైపే వాచి నొప్పి పెట్టడం, ఊపిరి ఆడకపోవడం, గజ్జల్లో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పితో కాలు పొట్టిగా కనిపించడం. వీటిలో ఏది వచ్చినా వ్యాయామం ఆపి వెంటనే ఆస్పత్రికి. ఇంట్లోవాళ్ళకు ఇవాళ మళ్ళీ చెప్పాను.

రేపు రెండు మెట్లు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఎక్కినా దిగినా తోడు మనిషి కింది మెట్టు మీదే నిలబడాలి.