మా వెంకాయమ్మ డ్రాగన్ల జోలికి పోదు

స్కైరిమ్ అనే వీడియో గేమ్‌లో నేను నడిపే మనిషి పేరు వెంకాయమ్మ. నా లెక్కలో వయసు యాభై దాటింది. కట్టెలు కొడుతుంది, దారి పక్కన పూలూ ఆకులూ ఏరి మందులు చేస్తుంది, చీకటి పడితే సత్రంలో గది తీసుకుని పడుకుంటుంది. తోడేలు కనబడితే పరుగే. డ్రాగన్లను చంపడానికి పుట్టిన వీరుడి కథగా 2011లో వచ్చిన ఆట అది. కోట్లమంది దాన్ని అలాగే ఆడారు, నేనూ ఒకసారి పూర్తిగా అలాగే ఆడాను. కానీ ఆ లోకం మీద నాకు ప్రేమ పుట్టింది మాత్రం వెంకాయమ్మ వల్లే.

నియమాలు నేనే పెట్టుకున్నాను. మ్యాప్ మీద నొక్కి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎగిరిపోకూడదు. పరాయి ఇంట్లో పీపా మూత తియ్యకూడదు. రోజుకి రెండుపూటలా తినాలి. కత్తి పట్టుకోకూడదు, గొడ్డలి కట్టెల కోసమే. మొదట్లో హెల్గెన్ అనే ఊళ్ళో వచ్చే తల నరికే శిక్ష సీను కూడా నాకు వద్దు. 'లివ్ అనదర్ లైఫ్' అనే మాడ్ (ఆటని మార్చడానికి అభిమానులు చేసిన అదనపు ముక్క) వేసుకుంటే సత్రంలో బస చేసిన మామూలు మనిషిగా మొదలుపెట్టొచ్చు. ఆకలి, చలి, అలసట కూడా కావాలనుకునేవాళ్ళకి 2017లో వచ్చిన సర్వైవల్ మోడ్ ఉండనే ఉంది.

రివర్‌వుడ్ అనే పల్లెలో కలప మిల్లు దగ్గర మొద్దు, గొడ్డలి ఉంటాయి. ఒకసారి అక్కడ నిలబడితే మూడు వేట్లు, ఆరు కట్టెలు. మిల్లు దగ్గరుండే హోడ్ కట్టెకి 5 నాణేలు ఇస్తాడు, అంటే ముప్ఫై. సత్రంలో గదికి 10 పోతుంది. వైట్‌రన్ లాయం దగ్గర బండెక్కి ఇంకో పెద్ద ఊరికి వెళ్ళాలంటే 20. వీరుడి సంచిలో వేలకి వేలు మూలుగుతుంటాయి కాబట్టి వాడు ఆ ఇరవై వైపు చూడనైనా చూడడు. వెంకాయమ్మకి అది రెండు రాత్రుల నిద్ర. అందుకే ప్రతి ప్రయాణానికీ ముందు కూర్చుని ఆలోచిస్తాను. వెళ్ళి ఏం చేస్తుంది? అక్కడ ఎవరున్నారు? తిరుగుబండికి డబ్బులెలా? ఒక ఆటలో ఊరు దాటడం ఇంత పెద్ద సంగతి కావడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

రివర్‌వుడ్ నుంచి వైట్‌రన్‌కి నడిచే దారి నాకు కంఠతా వచ్చేసింది. ఏటి పక్కనే దిగుతుంది, జలపాతం చప్పుడు వినబడుతుంది, ఒక మలుపు తర్వాత మైదానం మొత్తం తెరుచుకుని ఎదురుగా గుట్ట మీద కోట కనబడుతుంది. దారి పొడుగునా నీలం రంగు కొండపూలు. తేనె సారా కాచే ఇల్లు దాటితే పెలాజియా పొలం, అందులో గోధుమలు, క్యాబేజీ. ఆ నీలిపూలు, గోధుమలు కలిపితే గాయాలు మాన్పే మందు తయారవుతుంది. ఊళ్ళో ఆర్కేడియా కొట్లో అమ్ముతాను. ఇదే దారిని వీరుడిగా గుర్రం మీద ఎన్నోసార్లు దాటి ఉంటాను, పూలు ఏ రంగో కూడా చెప్పలేకపోయేదాన్ని.

ఆ పొలం దగ్గరే ఆట మనకి మొదటి పరీక్ష పెడుతుంది. మనం వచ్చేసరికి ఒక రాక్షసుడితో ఊరి యోధులు తలపడుతుంటారు. వెంకాయమ్మ దూరంగా గోడ చాటున కూర్చుంది. రాక్షసుడు పడ్డాక ఏలా అనే యోధురాలు దగ్గరికొచ్చి, నిజమైన యోధులైతే ఇలాంటి అవకాశం వదులుకోరన్నట్టు దెప్పింది. వీరుడిగా ఆడేటప్పుడు ఆ మాట రోషం తెప్పిస్తుంది, మనమూ ఆ గుంపులో చేరిపోతాం. ఈసారి నా కళ్ళు పొలం వైపు పోయాయి. అంత పెద్ద శరీరం తొక్కిన చోట పంట ఏమైనట్టు? ఆ యోధుల్లో ఒక్కరూ అడగలేదు. పొలం యజమాని సెవెరియో మాత్రం కోసుకొచ్చి ఇచ్చిన పంటని ఎప్పట్లాగే డబ్బులిచ్చి తీసుకుంటాడు. వెంకాయమ్మ ఆ రోజు అక్కడ గోధుమలు కోసింది.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా వేయించడం, తక్‌పట్టీలు (అమ్మకం చీటీలు) రాయడం, రైతు ముఖం చూసి ఆ ఏడాది పంటేమిటో చెప్పడం ఆయన పని. ఒకరోజు నా పక్కన కుర్చీ లాక్కుని చాలాసేపు చూశారు.

"ఏమ్మా, ఇందాకట్నుంచీ అన్ని కట్టెలు పోశావు గదా, అతను రేటు తగ్గించడా?"

"తగ్గించడు నాన్నా. ఎప్పుడైనా అయిదే."

"అదెట్టా? సరుకు ఎక్కువొస్తే రేటు పడిపోవాలిగా."

ఈ ఆట గురించి నేను విన్న మంచి విమర్శల్లో ఇదొకటి. ఫిబ్రవరి, మార్చిల్లో లారీలు వరసగా దిగినప్పుడు యార్డులో ధర ఎలా కుంగుతుందో, అమ్ముకోవడం ఇష్టం లేనివాళ్ళు కోల్డ్ స్టోరేజీకి ఎలా పరుగెత్తుతారో ఆయన జీవితమంతా చూశారు. స్కైరిమ్‌లో హోడ్ ఎన్ని కట్టెలైనా అదే ధరకి కొంటాడు. మనుషులకి దినచర్య ఇచ్చారు, అది గొప్పే. ఇదే సిరీస్‌లో 2006లో వచ్చిన ఆబ్లివియన్ అనే ఆటలోనూ ఉన్న పద్ధతి అది. కార్లొట్టా పొద్దున్నే కూరగాయల అంగడికి వస్తుంది, రాత్రికి కూతురున్న ఇంటికి చేరుతుంది. కానీ ఆమెకి ఈ రోజు బేరం లేదన్న దిగులు ఉండదు. సామాన్యుడి జీవితంలో సగం ఆ దిగులే. నాన్న మాట విన్నాక నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను: వరసగా కట్టెలు అమ్మితే ప్రతిరోజూ కొంత డబ్బు పక్కన పారేయాలి, ధర పడినట్టు లెక్క.

ఇల్లు సంగతి ఇంకా బాధగా ఉంటుంది. వైట్‌రన్‌లో బ్రీజ్‌హోమ్ అనే చిన్న ఇంటి ధర 5,000. వెయ్యి కట్టెలు. సరే, కూడబెట్టుకోవచ్చు. కానీ ఆ ఊరిని ఏలే జార్ల్ కోసం పాత సమాధిలోకి దిగి రాతిపలక తేవడం లాంటి ఘనకార్యం ఏదో చెయ్యందే ఇల్లు అమ్మరు. ఇల్లంటే వీరుడికిచ్చే బహుమతి అనుకున్నారు ఆట రాసినవాళ్ళు. కష్టపడి దాచుకున్న డబ్బుతో ఒక పెద్దావిడ ఇల్లు కొనుక్కుంటుందన్న ఊహే వాళ్ళకి తట్టినట్టు లేదు. నాకు నిజంగా కోపమొచ్చే విషయం ఇది.

ఇంకోటి తెలుసా? హెల్గెన్‌లో కథ ప్రకారం వచ్చే దాన్ని పక్కన పెడితే, వైట్‌రన్ బయటి కావలి బురుజు దగ్గర వీరుడు మొదటి డ్రాగన్‌ని చంపేదాకా ఆకాశంలో డ్రాగన్లు తిరగవు. వీరుడు బయల్దేరకపోతే ఆ దేశం అలాగే ఉంటుంది, పిల్లలు వీధుల్లో ఆడుకుంటూనే ఉంటారు. వెంకాయమ్మ ఉన్నంతకాలం వైట్‌రన్ మీద నిప్పు పడదు.

ఈ పిచ్చి నాతో ఆగలేదు. బ్రాడీపేటలో మా పిన్ని వాళ్ళ డాబా మీద ఆదివారాలు మేం డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, 1974లో మొదలైన ఆట, చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కలిసి కథ నడిపేది. ఈమధ్య వీరులొద్దు, అందరూ సామాన్యులే అన్నాను. 2014 నాటి పుస్తకం ప్రకారం సామాన్యుడి ప్రాణం 4, గోబ్లిన్ అనే పొట్టి రాక్షసుడి కత్తి దెబ్బ సగటున 5. అంటే ఒక్క వేటుకి మనిషి లేడు. ఆ లెక్క వినగానే కుర్రాళ్ళు కత్తుల మాటే ఎత్తలేదు. గోబ్లిన్లు వస్తున్నాయని తెలిశాక కుమ్మరి విత్తనాల గింజలన్నీ ఆవంలో పోసి పైన పగిలిన కుండలు పేర్చాడు. మంత్రసాని ఊళ్ళో ఒకామెకి నొప్పులొస్తున్నాయని కదలనంది. పడవవాడు పిల్లల్ని రేవు దాటించాడు. ఇంకో విడత రావాలా వద్దా అన్న దగ్గర, పడవవాడిగా ఆడుతున్న మా బాబాయి కొడుకు పాచిక చేతిలో పట్టుకుని, వెయ్యడానికి ఎంతకీ మనసొప్పక అటూ ఇటూ తిరిగాడు. ఆఖరికి వెనక్కి వెళ్ళాడు, మంత్రసానినీ తల్లీబిడ్డల్నీ తెచ్చాడు.

ఆవంలో గింజలు దక్కాయి గానీ ఊరందరికీ సరిపోవు. వచ్చే ఆదివారం పంపకంతోనే ఆట మొదలవుతుంది. ఎవరికెంత ఇవ్వాలో ఇప్పట్నుంచే వాట్సాప్ గ్రూపులో కొట్టుకుంటున్నారు. కాటా పట్టడానికి మా నాన్న కూడా వస్తానన్నారు.