బోర్లా పడితే బొబ్బట్లు

మా బాబు ఐదు వారాలు ముందే పుట్టాడు. నాలుగో నెల నిండినా మెడ సరిగా నిలపలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు "మావాడు ఈపాటికి బోర్లా పడ్డాడు" అంటుంటే నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

పిల్లల డాక్టరుగారు వాడి కాళ్ళూ చేతులూ మడిచి, చాపి చూశారు. గిలక ఆడించి చూపు ఎటు తిరుగుతోందో గమనించారు. "పుట్టిన తేదీ నుంచి కాదమ్మా, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్క వేసుకోండి. ఆ లెక్కన వీడికి ఇంకా మూడు నెలలే" అన్నారు. దాంతో సగం టెన్షన్ తీరింది. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేసి ఆడించమన్నారు, కొద్దికొద్దిగా కలిపి రోజుకు అరగంటైనా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ అంతే. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం వెల్లకిలానే.

మొదటిరోజు దుప్పటి పరిచి వేస్తే అర నిమిషానికే గుక్కపట్టాడు. రెండోరోజూ అంతే. మూడోరోజు నేనే దిండ్లకు ఆనుకుని, వాణ్ణి గుండెల మీద బోర్లా వేసుకుని కబుర్లు చెప్పాను. గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందా అని తల ఎత్తాడు. వణుకుతూనే నా మొహం చూసి, వాల్చేశాడు. మళ్ళీ ఎత్తాడు. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

అమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. రోజూ పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద బోర్లా వేసుకుని వీపు మీద గోరువెచ్చని నీళ్ళు పోస్తుంటే వాడు తల ఎత్తి చూస్తూనే ఉన్నాడట. "నువ్వు గమనించలేదే, అంతే" అంది.

పాలు తాగిన వెంటనే వేస్తే కక్కేవాడు. అందుకని గుడ్డ మార్చినప్పుడల్లా రెండేసి నిమిషాలు పెట్టుకున్నాను. తువ్వాలు చుట్టి ఛాతీ కింద పెట్టి, చేతులు ముందుకి తీసేదాన్ని. ఎదురుగా నేనూ బోర్లా పడుకుని ఏటికొప్పాక గిలకని మెల్లగా పక్కకి జరిపితే, వాడి మెడా అటే తిరిగేది. మొహం చిట్లించాడంటే ఆట ఆపి ఎత్తుకునేదాన్ని. ఏడిపించి చేయిస్తే మర్నాడు దుప్పటి చూడగానే ఏడుస్తాడు.

మధ్యలో బంధువులు ప్రేమగా వాకర్ తెచ్చారు. డాక్టరుగారు వద్దన్నారు. దొర్లి దెబ్బలు తగులుతాయి, నడక కూడా త్వరగా రాదట. కెనడాలో 2004 నుంచి వాటిని అమ్మడమే నిషేధం. అటక మీద పెట్టేశాం.

ఆరో నెల దాటాక ఒక పొద్దున పక్కనున్న గిలక కోసం కాలు మీద కాలు వేసి, నడుము తిప్పి, ఒక్కసారిగా బోర్లా పడ్డాడు. ఒక చెయ్యి కింద ఇరుక్కుపోయి ఏడుపు అందుకున్నాడు. "అమ్మా!" అని నేను అరిచిన అరుపుకి పరుగున వచ్చి, వాణ్ణి చూసి, చెయ్యి మెల్లగా బయటికి లాగి, అమ్మ అటునుంచి అటే వంటింట్లోకి వెళ్ళి శనగపప్పు నానబోసింది.