కోవ్ రేవులో ఒక పగలు

క్రూజ్ ఓడలు చాలాచోట్ల ఊరికి దూరంగా ఆగుతాయి. దిగాక మళ్ళీ బస్సు పట్టుకోవాలి. ఐర్లండ్ దక్షిణ తీరంలోని కోవ్‌లో ఆ ఇబ్బంది లేదు. ఓడ దిగితే ఎదురుగానే రైల్వే స్టేషన్. మాతో వచ్చినవాళ్ళలో సగం మంది ఆ రైలెక్కి కార్క్ నగరానికి వెళ్ళిపోయారు, అరగంట కూడా పట్టదు. కొందరు బ్లార్నీ కోటకి బస్సు ఎక్కారు. నేనూ మా ఆవిడా మాత్రం ఊళ్ళోనే ఉండిపోయాం. అందుకు ఇప్పటికీ సంతోషమే.

ఊరంతా కొండవాలు మీదే ఉంది. కింద రేవు, పైన సెయింట్ కోల్మన్ కెథీడ్రల్, మధ్యలో రంగురంగుల ఇళ్ళు. 1868లో మొదలుపెట్టిన ఆ చర్చి కట్టడం పూర్తయ్యేసరికి 1919 అయింది. దాని గోపురంలో 49 గంటలున్నాయి. మేం మెట్లెక్కుతుంటే అవి మోగడం మొదలైంది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పి సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయింది. ఆ పక్కనే ఏటవాలు వీధిలో 23 ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వాటిని 'డెక్ ఆఫ్ కార్డ్స్' అంటారు. కిందిల్లు పడితే పేకముక్కల్లా అన్నీ పడతాయని అక్కడివాళ్ళ సరదా మాట.

1849లో విక్టోరియా రాణి వచ్చి వెళ్ళాక ఈ ఊరిని క్వీన్స్‌టౌన్ అన్నారు. 1920 దాకా అదే పేరు. టైటానిక్ చరిత్రలో కనిపించే క్వీన్స్‌టౌన్ ఇదే. 1912 ఏప్రిల్ 11న ఆ ఓడ ఆఖరిసారిగా ఆగింది ఇక్కడే. పెద్ద ఓడ కావడంతో రేవులోకి రాలేదు. రేవు ముఖద్వారంలోని రోచెస్ పాయింట్ దగ్గర లంగరు వేస్తే, 123 మందిని చిన్న ఓడల్లో తీసుకెళ్ళి ఎక్కించారు. అందులో ఎక్కువమంది మూడో తరగతివాళ్ళే. టైటానిక్‌ని నడిపిన వైట్ స్టార్ కంపెనీ అప్పటి టికెట్ ఆఫీసులో ఇప్పుడు ప్రదర్శన పెట్టారు. లోపలికి వెళ్ళేటప్పుడు నిజమైన ఒక ప్రయాణికుడి పేరుతో బోర్డింగ్ కార్డు ఇస్తారు, ఆ మనిషి బతికాడో లేదో చివర్లో తెలుస్తుంది. ఆ భవనం వెనక నీళ్ళలో పాత చెక్క రేవు మొండి స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి. నాచు పట్టి, సగం పుచ్చిపోయి ఉన్నాయి. ఆ 123 మంది ఓడ కోసం బయల్దేరింది దాని మీద నుంచే.

వచ్చేవాళ్ళందరూ టైటానిక్ చూసి వెళ్ళిపోతారు. ఈ ఊరి అసలు కథ అంతకంటే చాలా పెద్దది. స్టేషన్ పాత భవనంలోనే హెరిటేజ్ సెంటర్ ఉంది, మేం ఎక్కువసేపు గడిపింది అక్కడే. 1845లో బంగాళదుంప పంటకి తెగులు పట్టింది. ఆ కరువులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మంది దేశం వదిలారు. 1848 నుంచి 1950 వరకు లెక్క చూస్తే, దేశం విడిచిన అరవై లక్షల మందిలో పాతిక లక్షల మంది ఈ రేవు నుంచే ఓడెక్కారు. ఐరిష్ పల్లెల్లో ఎవరైనా పోతే ఇరుగుపొరుగంతా చేరి రాత్రంతా శవం దగ్గర మేలుకుని ఉంటారు. అమెరికా బయల్దేరే కూతురికీ కొడుక్కీ ముందు రోజు రాత్రి అలాగే జాగారం చేసేవారట. పాటలు, డాన్సులు, తెల్లవారేసరికి ఏడుపులు. బతికున్న బిడ్డకి ఆ జాగారం ఎందుకంటే, మళ్ళీ చూస్తామన్న ఆశ లేకే. ఆ సంగతి చదివాక కాసేపు మా ఇద్దరికీ మాట రాలేదు.

బయట రేవు గట్టు మీద యానీ మూర్ విగ్రహం ఉంది. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో, వలస వచ్చేవాళ్ళని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్ కేంద్రం తెరిచినప్పుడు మొట్టమొదట అడుగుపెట్టిన అమ్మాయి. అప్పుడు పదిహేడేళ్ళు. అమ్మానాన్నలు ముందే అక్కడికి వెళ్ళిపోతే, ఇద్దరు తమ్ముళ్ళను వెంటబెట్టుకుని ఇక్కడే ఓడెక్కింది. విగ్రహంలో ఒక తమ్ముడు సముద్రం వైపు చెయ్యి చూపిస్తుంటాడు, తను మాత్రం వెనక్కి తిరిగి ఊరి వైపు చూస్తుంటుంది. నేను దాని చుట్టూ తిరిగి చాలాసేపు చూశాను.

నాకు అంతగా పట్టడానికి కారణం ఉంది. మా అమ్మమ్మ వాళ్ళ నాన్నగారు కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళారు. మన తీరం నుంచి వేలాదిమంది అలాగే బర్మా పోయారు, అక్కడ మనవాళ్ళని కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. నేను కోరంగి వెళ్ళినప్పుడు మడ అడవులు చూశాం, పడవెక్కాం, ఫొటోలు దిగాం. రంగూన్ వెళ్ళినవాళ్ళ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం వేడివేడి చేపల చౌడర్, బ్రౌన్ బ్రెడ్ తిని కేస్‌మెంట్ స్క్వేర్‌కి వెళ్ళాం. అక్కడ లూసిటానియా స్మారకం ఉంది. 1915 మే 7న జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడోతో ఆ ఓడ పద్దెనిమిది నిమిషాల్లో మునిగింది. దాదాపు 1,200 మంది చనిపోయారు. బతికినవాళ్ళనీ శవాలనీ ఈ ఊరికే తెచ్చారు. 150 మందికి పైగా ఊరి బయటి పాత శ్మశానంలోనే ఉన్నారు.

బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని పలకరించి, ఇండియా నుంచా అని అడిగారు. అవునండీ అనగానే ఎయిర్ ఇండియా కనిష్క విమానం గురించి చెప్పడం మొదలుపెట్టారు. 1985 జూన్ 23న ఈ తీరానికి దూరంగా సముద్రం మీద బాంబు పేలి 329 మంది పోయారు. దొరికిన 131 శవాలనీ కార్క్ ఆసుపత్రికే తెచ్చారు. ఎవరో తెలియని కుటుంబాలకి అప్పుడు కార్క్ జనం ఇళ్ళ తలుపులు తెరిచారని చెప్తుంటే ఆయన గొంతు వణికింది. ఇదే తీరంలోని అహకిస్టా అనే ఊళ్ళో వాళ్ళ స్మారకం ఉంది, ఏటా ఆ రోజున జనం వస్తారు, మళ్ళీ వచ్చినప్పుడు వెళ్ళండి అన్నారు. తప్పకుండా వెళ్తాం.

సాయంత్రం ఓడ రోచెస్ పాయింట్ దాటుతుండగా సిగ్నల్ ఇంకా ఉంది. కాకినాడలో ఉన్న పెద్దమ్మకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదిన్నర దాటింది, అయినా మేలుకునే ఉంది. తాతగారు ఏ సంవత్సరంలో రంగూన్ వెళ్ళారని అడిగాను. అది తెలియదు గానీ, 1942లో జపాన్‌వాళ్ళు వచ్చినప్పుడు అడవుల్లో నడిచి తిరిగొచ్చిన సంగతి ఆయన నోటే విన్నానంది. గుర్తున్నదంతా చెప్పు పెద్దమ్మా, రాసుకుంటాను అన్నాను. సిగ్నల్ పోయేదాకా చెప్పింది. మిగతాది ఆదివారం చెప్తానంది.