కంటిలో పెరిగిన కండ, చెదిరిన చూపు

అద్దానికి దగ్గరగా నిలబడి ఎడమ కంటిని బయటి వైపుకు తిప్పి చూసుకున్నప్పుడు, ముక్కు వైపున తెల్లగుడ్డు మీద సన్నని ఎర్రని నరాలతో, ఈగ రెక్క ఆకారంలో పలుచని కండ ఒకటి కనిపించింది. దాని మొన నల్లగుడ్డు అంచు దాటి సుమారు 3 మిల్లీమీటర్లు లోపలికి వచ్చింది కానీ కనుపాపను తాకలేదు. తాకలేదు కాబట్టి చూపుకు వచ్చిన లోటేమీ లేదని నేను గట్టిగా నమ్మాను. అక్షరాల పక్కన నీడలు కనిపించడం మొదలైనప్పుడు కూడా వయసును అనుమానించానే తప్ప ఆ కండను అనుమానించలేదు.

వైద్యులు దీనిని టెరీజియం అంటారు; చిన్న రెక్క అనే అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. మన సుశ్రుతుడు అర్మం అన్న పేరుతో దీనిని వర్ణించి, కోసి తీసే పద్ధతిని కూడా చెప్పాడు. ఇది క్యాన్సర్ కాదు. ఏళ్ల తరబడి కంటిమీద పడే ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముఖ్య కారణం కాగా, దుమ్ము, వేడిగాలి దానికి తోడవుతాయి. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాలలోనూ, ఆరుబయట పనిచేసేవారిలోనూ ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. నల్లగుడ్డు అంచు దాటకుండా తెల్లగుడ్డు మీదే పసుపురంగు బొడిపెలా ఉండిపోయేది పింగ్యుకులా. అది మంటపెట్టవచ్చు గానీ చూపు జోలికి రాదు.

కనుపాపను కప్పకుండానే కండ చూపును ఎలా చెడగొడుతుందన్నది నాకు పరీక్ష చేయించుకున్నాకే అర్థమైంది. కంటిలోకి వచ్చే వెలుతురును వంచడంలో పెద్ద పాలు నల్లగుడ్డును ముందు నుంచి కప్పి ఉండే కార్నియాదే. సుమారు అర మిల్లీమీటరు మందం గల ఆ పారదర్శకమైన గోపురాన్ని కండ ఒక పక్క నుంచి పట్టి లాగుతుంది. దాని మొన ముందు కన్నీరు కూడా గుంటకట్టినట్లు నిలుస్తుంది. దానితో అడ్డంగా ఉన్న వంపు చదునుగా మారి, నిలువు వంపు మాత్రం యథాతథంగా ఉండిపోతుంది. రెండు దిశల వెలుతురు ఒకే చోట కేంద్రీకృతం కాకపోవడాన్నే ఆస్టిగ్మాటిజం అంటారు. నా కళ్లద్దాల చీటీలో ఆస్టిగ్మాటిజాన్ని సరిచేసే పవరును చూపే సిలిండర్ అంకె ఏటేటా పెరుగుతూ వచ్చింది ఇందుకే. అద్దాలు మార్చుకుంటూ పోయానే గాని, ఆ అంకె ఎందుకు పెరుగుతోందని ఒక్కసారైనా అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పుట్టుకతోనే నల్లగుడ్డు అంచున, తరచుగా కింది బయటి వైపున ఉండే డెర్మాయిడ్ అనే గడ్డ కూడా క్యాన్సర్ కానిదే. కానీ అది కలిగించే ఆస్టిగ్మాటిజాన్ని చిన్నతనంలోనే సరిచేయకపోతే, మెదడు ఆ కంటి బొమ్మను పట్టించుకోవడం మానేసి ఆ కన్ను మందకన్నుగా మిగిలిపోవచ్చు.

నాకు మత్తుసూది వేసి కండను తీసి, అదే కంటి పై రెప్ప చాటు నుంచి తెచ్చిన పలుచని పొరను ఆ ఖాళీలో అతికించారు. అలా అతికించకుండా వదిలేస్తే కండ మళ్లీ పెరిగే అవకాశం చాలా ఎక్కువ. పైకి మామూలు కండలా కనిపించేదే ఒక్కోసారి వేరే జబ్బు కావచ్చు కాబట్టి, తీసిన ముక్కను పరీక్షకు పంపారు. ఇదే కంటిలో శుక్లం కూడా ఉన్నవారికి సాధారణంగా ముందు కండను తీసి, కార్నియా వంపు స్థిరపడ్డాక, శుక్లం తీసి అమర్చే లెన్సు పవరును లెక్కకడతారు. వంపు మారుతుండగా కొలిస్తే ఆ లెక్క తప్పుతుంది.

మూడు నెలల తరువాత నా సిలిండర్ 2.25 నుంచి 0.75కు దిగింది. అక్షరాల పక్కన నీడలు పోయాయి. కండ మొన ఆనిన చోట మాత్రం నల్లగుడ్డు మీద ఆవిరి పట్టినట్లు పలుచని మచ్చ ఒకటి మిగిలింది. రాత్రివేళ ఎదురుగా వచ్చే దీపాల చుట్టూ ఆ కంటికి ఇప్పటికీ కొంచెం వెలుగు చెదురుతూనే ఉంటుంది.