అమెరికా నుంచి మెంటరింగ్: ఆదివారం కాల్‌కి ముందు చూసుకోవాల్సినవి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొన్నేళ్లు ఐటీలో పనిచేశాక, ఊళ్లో చదువుకుంటున్న ఆడపిల్లలకు ఏదైనా చెయ్యాలని చాలామందికి అనిపిస్తుంది. సెలవులకి వెళ్లినప్పుడు తాము చదివిన హైస్కూల్లో మైకు పట్టుకుని అరగంట మాట్లాడతారు, శాలువా కప్పించుకుంటారు, ఫొటో దిగుతారు. నష్టం లేదు గానీ పనీ జరగదు. పదో తరగతి ఫలితాలొచ్చాక "ఎంపీసీ ఎందుకే, దగ్గర్లో కాలేజీ లేదు" అని ఇంట్లో అన్న రోజున ఆ ప్రసంగం అక్కరకు రాదు. పదిహేను రోజులకోసారి, అదే అమ్మాయితో, రెండు మూడేళ్లపాటు వీడియో కాల్‌లో మాట్లాడే మనిషి, అంటే మెంటరు, కావాలి. ఇంతకంటే తక్కువ చెయ్యగలిగితే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు. మూడు కాల్స్ తర్వాత మాయమైన మెంటరు "మనకి ఇవన్నీ కుదరవులే" అన్న అనుమానాన్ని ఖాయం చేసి పోతారు.

ముందు టైము. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో పిల్లల దగ్గర ఫోన్లుండవు. కంప్యూటర్ ల్యాబు తాళం టీచరు దగ్గర, పిల్లల తీరిక వార్డెన్ చేతిలో. ఆదివారం సాయంత్రం ఆరున్నర, అంటే చదువు గంట మొదలుకాకముందు, చాలా హాస్టళ్లలో కుదిరే సమయం. న్యూజెర్సీలో అది వేసవిలో ఉదయం తొమ్మిది, డాలస్‌లో ఎనిమిది. కాలిఫోర్నియాలో ఆరు గంటలు, దానికి ఎవరూ లేవరు. వాళ్లు శనివారం రాత్రి ఎనిమిదిన్నరకి కూర్చుంటే ఇండియాలో ఆదివారం ఉదయం తొమ్మిదవుతుంది. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి జరిగాక అసలు గొడవ మొదలవుతుంది. మీటింగు అమెరికా టైములో పెట్టి ఉంటే, ఆ వారం పిల్లలు ఖాళీ తెర ముందు గంటసేపు కూర్చుని వెళ్లిపోతారు. అందుకే క్యాలెండర్లో మీటింగు పెట్టేటప్పుడు టైమ్ జోన్ ఇండియాదే ఎంచుకోవాలి. గంట ముందు లేవాల్సింది మనం, వాళ్లు కాదు.

ఒక మెంటరుకి నలుగురైదుగురు అమ్మాయిలు చాలు. ఒంటరిగా ఒక్క అమ్మాయితో వీడియో కాల్ వద్దు. అవతల టీచరో వార్డెనో గదిలో ఉండాలి, ఇవతల వీలైతే ఇద్దరు మెంటర్లుండాలి. సొంత నంబర్లు ఇచ్చిపుచ్చుకోవడం, రాత్రిపూట వాట్సాప్ మెసేజీలు అసలే వద్దు. ఇది మర్యాద కోసం పెట్టుకున్న నియమం కాదు. ఒక్కచోట ఒక్క ఫిర్యాదు వచ్చినా స్కూలు మొత్తం కార్యక్రమాన్నే మూసేస్తుంది, దెబ్బ తినేది పిల్లలే.

కాల్‌లో ఏం చెయ్యాలి? మొదటి రెండుసార్లు "మేడమ్, యెస్ మేడమ్" తప్ప ఏమీ రాదు. "డౌట్లున్నాయా?" అని అడిగితే "లేవు మేడమ్" అంటారు. "నిన్న లెక్కల్లో ఏది రాలేదు, చూపించు" అంటే నోటుపుస్తకం తీస్తారు. ఆంధ్రలో పుట్టిన శిరీష బండ్ల 2021 జులైలో అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చిన సంగతి వాళ్లకి తెలుసు, గోడమీద బొమ్మ కూడా ఉంటుంది. తెలియనిదల్లా మామూలు సోమవారం నాడు ఇంజినీరు ఏం చేస్తారన్నది. రాని కోడు ముందు రెండు గంటలు కూర్చుంటారనీ, టీమ్ మీటింగులో "ఇది నాకు అర్థం కాలేదు" అని అందరిముందూ చెప్తారనీ, అలా చెప్పినందుకు ఉద్యోగం పోదనీ ఎవరూ చెప్పలేదు. కంపెనీ స్క్రీన్లు మాత్రం చూపించకండి, అది మీ ఉద్యోగానికే ఎసరు. ఇంట్లో రాసుకున్న చిన్న ప్రోగ్రాం తెరిచి, అందులో ఉన్న తప్పుని వాళ్లచేతే వెతికిస్తే సరిపోతుంది.

చేత్తో చేసే పనికి ఆర్డుయినో ఊనో బోర్డు (ప్రోగ్రాం ఎక్కించి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక), ఎల్‌ఈడీలు అనే చిన్న లైట్లు, 220 ఓమ్ రెసిస్టర్లు, దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు చాలు. ఇవి అమెరికా నుంచి మోసుకెళ్లక్కర్లేదు, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో అన్నీ దొరుకుతాయి. ఇద్దరికో కిట్టు ఉండాలి. ఐదుగురికి ఒకటిస్తే ఒకరు చేస్తారు, నలుగురు చూస్తారు. మగపిల్లలూ ఉన్న స్కూల్లో అయితే వైర్లు వాళ్ల చేతుల్లోకి, రికార్డు పుస్తకం అమ్మాయిల చేతుల్లోకి వెళ్లిపోతుంది, అక్షరాలు గుండ్రంగా రాస్తారని! పోయినసారి రాసినవాళ్లు ఈసారి వైర్లు పట్టుకోవాలని మొదటిరోజే చెప్పెయ్యాలి.

ఇక తరచూ వచ్చే చిక్కులు. ఆర్డుయినో బోర్డు మీద లైటు వెలుగుతుంది గానీ కంప్యూటర్ దాన్ని గుర్తించదు, తెరమీద పోర్టు పేరు కనిపించదు. చాలాసార్లు అది ఛార్జింగుకి మాత్రమే పనికొచ్చే కేబుల్, డేటా పోదు. కేబుల్ మంచిదే అయితే డ్రైవర్, అంటే బోర్డుని కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్, లేనట్టు. చవక బోర్డుల్లో సీహెచ్340 చిప్ ఉంటుంది, దాని డ్రైవర్ విడిగా ఎక్కించాలి. ల్యాబు కంప్యూటర్ల అడ్మిన్ పాస్‌వర్డ్ ఎప్పుడో బదిలీ అయిపోయిన సారు దగ్గర ఉంటుంది కాబట్టి ఇది కాల్‌కి వారం ముందే తేల్చుకోవాల్సిన పని. ఎల్‌ఈడీ వెలగకపోతే పొడుగు కాలు ప్లస్ వైపుందో లేదో చూడాలి. అదీ సరిగ్గానే ఉంటే బ్రెడ్‌బోర్డు అంచున పొడవునా ఉండే వరస చూడాలి. కొన్ని బోర్డుల్లో అది నడిమధ్యలో తెగి ఉంటుంది, కరెంటు సగం దాకానే వస్తుంది. ఇవన్నీ మనకు తెలుసు కాబట్టి కెమెరాలో చూడగానే చెప్పెయ్యాలని నాలుక దురద పెడుతుంది. కనీసం రెండు నిమిషాలు ఆగాలి. తప్పు ఎక్కడుందో తానే పట్టుకున్న అమ్మాయి తర్వాతి ఆదివారం పిలవకుండానే వస్తుంది.

సలహాల విషయంలో ప్రవాసులకు ఒక జబ్బుంది: తాము దేశం వదిలినప్పటి లెక్కలే ఇంకా చెప్తుంటారు. ఎంసెట్ ఆంధ్రలో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్ అయింది. ఐఐటీల్లో అమ్మాయిలకోసం అదనపు సీట్లు 2018లో మొదలై, 2020కి మొత్తం సీట్లలో అమ్మాయిల వాటా 20 శాతం ఉండేలా పెరిగాయి. మార్కులు బాగున్న పల్లెటూరి అమ్మాయికి పదో తరగతి తర్వాత ట్రిపుల్ ఐటీలు, అంటే బాసర, నూజివీడు, ఇడుపులపాయ లాంటి ఆర్జీయూకేటీ క్యాంపస్‌లు, ఆరేళ్ల చదువు ఒకేచోట పూర్తిచేసే దారి. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేస్తే ఈసెట్ అనే ప్రవేశపరీక్ష రాసి బీటెక్ రెండో ఏడులో చేరొచ్చు. సాంకేతిక విద్యామండలి ఏఐసీటీఈ అమ్మాయిలకిచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏడాదికి 50,000 రూపాయలు. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఒక ఇంటినుంచి ఇద్దరు అమ్మాయిలదాకా తీసుకోవచ్చు. ఇందులో ఎదురుదెబ్బ తగిలేది మార్కుల దగ్గర కాదు, పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. తొమ్మిదో తరగతిలోనే స్కూలు రికార్డులో పేరూ ఆధార్‌లో పేరూ పక్కపక్కన పెట్టి చూస్తే సరిదిద్దుకోవడానికి టైముంటుంది.

డబ్బు పంపేవాళ్లకి ఒక మాట. ఇండియా పాస్‌పోర్టున్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపింది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చేది) ఉన్నా, అది విదేశీ విరాళమే. తీసుకునే సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. పాత ల్యాప్‌టాప్‌లు పట్టుకెళ్తే మనిషికి ఒకటే సుంకం లేకుండా వదులుతారు. వాటి ఛార్జర్లు 240 వోల్టులకీ పనిచేస్తాయి. పిన్ను మార్చే అడాప్టరు మాత్రం నెలకే వదులైపోతుంది, మూడు పిన్నుల పవర్ కార్డు ఊళ్లోనే కొనిపెట్టండి.

ఇన్నీ దాటొచ్చాక కూడా ఫైనలియర్‌లో కొందరు జారిపోతారు. ప్లేస్‌మెంట్ బెంగళూరులో వస్తుంది, ఇంట్లో పెళ్లి సంబంధం మాట మొదలవుతుంది. అప్పుడు మెంటర్లు ప్యాకేజీ ఎంతో చెప్తారు. అమ్మ అడిగేది అది కాదు. ఏ హాస్టల్లో ఉంటుంది, పక్కన తెలిసినవాళ్లెవరు, నైట్ షిఫ్టుంటే క్యాబ్ ఇంటిదాకా వస్తుందా అని అడుగుతుంది. అమెరికాలో కూర్చున్నవాళ్లకి వీటికి జవాబులు తెలియవు. అదే కాలేజీ నుంచి వెళ్లి ఆ ఊళ్లో పనిచేస్తున్న సీనియర్ అమ్మాయికి తెలుసు. ఆఫర్ లెటరు దాకా ఆగకుండా, ఫైనలియర్ మొదలైన నెలలోనే ఆ సీనియర్‌ని అమ్మతో మాట్లాడించాలి.