పాత టీవీకి డిజిటల్ డబ్బా, వ్యాలీ రాంచ్ నుంచి యాంటెనా లాగ్

ఫిబ్రవరి 2009

అసలైతే ఈ నెల 17నే అమెరికాలో టీవీ స్టేషన్లు పాత అనలాగ్ ప్రసారం ఆపేసి డిజిటల్‌కి మారాలి, కానీ పాత టీవీకి తగిలించే డిజిటల్ డబ్బా కొనుక్కోడానికి గవర్నమెంటు ఇచ్చే కూపన్ల డబ్బులు జనవరిలోనే అయిపోయి జనమంతా వెయిటింగ్ లిస్టులో పడ్డారు కదా, ఇక్కడి కాంగ్రెస్ (అంటే పార్లమెంటు) జూన్ 12 దాకా పొడిగించింది. డాలస్ పక్కన వ్యాలీ రాంచ్‌లో ఉండే మాకు కూపన్లు ముందే వచ్చేశాయి. ఇంటికి రెండు, ఒక్కోటి 40 డాలర్లు, చూడ్డానికి గిఫ్ట్ కార్డులా ఉంటుంది, పోస్ట్ చేసిన దగ్గర్నుంచి 90 రోజుల్లో వాడకపోతే చెల్లదు. పక్క బిల్డింగ్ తమ్ముడు "ఆఁ చూద్దాంలే అన్నా" అంటూ సొరుగులో పడేసి గడువు దాటించేశాడు. ఆర్థిక వ్యవస్థకి ఊపు తేవడానికి చేసిన స్టిమ్యులస్ చట్టంలో మళ్లీ డబ్బులిచ్చారు, గడువు దాటినోళ్లు కూడా ఇంకోసారి అప్లై చేసుకోవచ్చు, చెయ్యమని చెప్పా.

కొత్త టీవీ కొనెయ్యొచ్చుగా అని అందరూ అడుగుతున్నారు. మా 27 అంగుళాల ట్యూబ్ టీవీ బంగారంలా ఉంది, ఎందుకు పారెయ్యాలి. తెలుగు ఛానెళ్లకి ఎలాగూ డిష్ వాడికి కడుతున్నాం, లోకల్ వార్తలకి, తుఫాను హెచ్చరికలకి, ఆదివారం కౌబాయ్స్ ఫుట్‌బాల్ ఆటకి కూడా నెలనెలా కట్టాలంటే మాత్రం నాకు చెయ్యి రాదు.

తీసుకున్న డబ్బా జెనిత్ డీటీటీ901. దీనికి ముందు మోడల్ 900లో అనలాగ్ పాస్‌త్రూ లేదు, 901లో ఉంది. అంటే డబ్బా ఆఫ్‌లో ఉన్నప్పుడు యాంటెనా సిగ్నల్ నేరుగా టీవీకి పోతుంది. కొద్ది దూరానికే ప్రసారం చేసే లో-పవర్ స్టేషన్లకి జూన్ 12 రూల్ వర్తించదు, అవి ప్రస్తుతానికి అనలాగ్‌లోనే ఉండొచ్చు, అలాంటివి చూసేవాళ్లు ఈ ఫీచర్ ఉందో లేదో అడిగి కొనండి.

మార్చి

కనెక్షన్ పెద్ద విద్యేం కాదు, యాంటెనా వైరు డబ్బాకి, డబ్బా నుంచి టీవీకి. టీవీ వెనకాల పసుపు, తెలుపు, ఎరుపు జాక్‌లుంటే అవే వాడండి, ఛానెల్ 3లో పెట్టి చూసేదానికంటే బొమ్మ చాలా శుభ్రంగా ఉంటుంది. అనలాగ్‌లో నీడలు నీడలుగా ఉండే వార్తల మనిషి ఇప్పుడు మొహం మీద పౌడర్ కూడా కనపడేలా వస్తున్నాడు.

ఒక్కోసారి బొమ్మ చుట్టూ నాలుగు వైపులా నల్ల పట్టీలొచ్చి మధ్యలో పోస్ట్‌కార్డంత మిగులుతుంది. పాత కార్యక్రమాన్ని వాళ్లు వైడ్‌లో పెట్టి పంపితే, దాన్ని డబ్బా మళ్లీ మన నలుచదరం టీవీలో ఇరికిస్తుంది, అదీ సంగతి. రిమోట్‌లో జూమ్ నొక్కితే సర్దుకుంటుంది.

వీసీఆర్ రికార్డింగ్ ఇంకో తలనొప్పి. ఇప్పుడు ఛానెల్ పట్టే ట్యూనర్ డబ్బాలో ఉంది కాబట్టి వీసీఆర్ తనంతట తాను ఛానెల్ మార్చలేదు, డబ్బాని మనమే ఆ ఛానెల్‌లో పెట్టి వదలాలి, వీసీఆర్‌ని లైన్-ఇన్‌లో (బయటి డబ్బా నుంచి వచ్చేది తీసుకునే సెట్టింగులో) ఉంచాలి. ఇంకా, కూపన్ డబ్బాలన్నిటికీ నాలుగు గంటలు ఎవరూ ముట్టుకోకపోతే ఆగిపోయే సెట్టింగు ఫ్యాక్టరీ నుంచే ఉంటుంది, కరెంటు ఆదా కోసమట. అర్ధరాత్రి సినిమా రికార్డింగ్ పెట్టుకునేవాళ్లు ముందు మెనూలోకెళ్లి అది ఆపెయ్యండి, లేకపోతే పొద్దున టేపంతా ఖాళీ.

ఏప్రిల్

ఇక అసలు పని, యాంటెనా. డాలస్ పెద్ద స్టేషన్ల టవర్లన్నీ సెడార్ హిల్‌లోనే, మాకు సరిగ్గా దక్షిణాన పాతిక మైళ్ల లోపు, మా బాల్కనీ కూడా అటే. హ్యాంగర్లతో యాంటెనా చేశా. మూడడుగుల చెక్క, హ్యాంగర్ తీగ కోసి వి ఆకారంలో వంచిన ముక్కలు ఎనిమిది, ఒక్కో కాలు ఏడంగుళాలు, కొసల మధ్య మూడంగుళాలు, ఒక జతకీ ఇంకో జతకీ మధ్య ఐదూ ముప్పావు అంగుళాలు. రెండు తీగలు పైనుంచి కిందికి అన్నిటినీ కలుపుతూ, పై రెండు జతల మధ్యా కింది రెండు జతల మధ్యా మాత్రం ఒకదాన్నొకటి తాకకుండా దాటుతూ పోతాయి. నడిమధ్యన 300 నుంచి 75 ఓమ్స్‌కి మార్చే బాలన్ అనే చిన్న ముక్క, అక్కణ్ణుంచి ఆర్జీ-6 టీవీ కేబుల్. తీగల మీద వార్నిష్ ఉంటుంది, స్క్రూ కింద పడేచోట గరుక్కాయితంతో గీకకపోతే కాంటాక్ట్ ఉండదు. మా ఆవిడ చూసి "ఏమండీ, బట్టలారేసే హ్యాంగర్లన్నీ ఇందులోనేనా" అంది.

లీజింగ్ ఆఫీసులో బాల్కనీలో పెట్టొద్దన్నారు. ప్రసారాల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌సీసీ రూలు ఒకటుంది, మనకి మాత్రమే చెందిన బాల్కనీలో టీవీ యాంటెనా పెట్టుకోడాన్ని వాళ్లు ఆపలేరు, రెయిలింగ్ దాటి బయటికి మాత్రం రాకూడదు. కాగితం ప్రింట్ తీసి చూపిస్తే మారుమాట్లాడలేదు.

స్కాన్ చేస్తే ఛానెళ్లు 4, 5, 11, 13 గట్టిగా వచ్చాయి. 8 మాత్రం రాదు, వచ్చినా గళ్లు గళ్లుగా పగిలి ఆగిపోతుంది. ఒకే గుట్ట మీంచి అన్నీ వస్తుంటే ఇదొక్కటే ఎందుకు రాదని వెతికితే అసలు విషయం బయటపడింది. డబ్బా మీద కనపడే నంబరు ఉత్త పేరే, సిగ్నల్ వచ్చే ఛానెల్ వేరే. 4 వస్తున్నది యూహెచ్ఎఫ్ (పొట్టి అలల బ్యాండు) 35లో, 5 వస్తున్నది 41లో, 13 ఏమో 14లో, 11 ప్రస్తుతానికి 19లో. 8 మాత్రం వీహెచ్ఎఫ్ (పొడుగు అలల బ్యాండు) 9లో. నా హ్యాంగర్ల కొలతలన్నీ యూహెచ్ఎఫ్‌కి, వీహెచ్ఎఫ్ అలకి ఆ ఏడంగుళాలు ఏ మూలకి? ఊళ్లో మేడ మీద దూరదర్శన్ యాంటెనాకి అంతంత కడ్డీలు ఎందుకుండేవో ఇప్పుడర్థమైంది.

షాపుల్లో "డిజిటల్ యాంటెనా", "హెచ్‌డీ యాంటెనా" అని రాసి అమ్మేవాటిని చూస్తే ఒళ్లు మండుతుంది. యాంటెనాకి అనలాగూ డిజిటలూ ఏం తెలుస్తుంది, దానికి తెలిసింది ఫ్రీక్వెన్సీ ఒక్కటే. అందులో సగం యూహెచ్ఎఫ్‌కి మాత్రమే పనికొచ్చేవి.

జూన్ 12, 13

జూన్ 12 తర్వాత 8 తన పాత ఛానెల్ 8కే, 11 కూడా తన పాత 11కే వెళ్తాయని ముందే చూసుకున్నా, అంటే రెండూ వీహెచ్ఎఫ్‌లో ఉంటాయి. అందుకే అటక మీది రాబిట్ ఇయర్స్ (రెండు కడ్డీల యాంటెనా) దించి తుడిచి పెట్టా. నాన్న గత నెలే ఊర్నుంచి వచ్చారు, ఆయనకి ఇదంతా మహా సరదాగా ఉంది.

అనుకున్నట్టే 11 మాయం. 4, 5, 13 ఎక్కడివక్కడే. మామూలు రీస్కాన్‌తో కొన్ని డబ్బాల్లో పాత ఛానెల్ జ్ఞాపకం పోదు, రెండుసార్లు చెయ్యాలి. యాంటెనా వైరు పీకేసి స్కాన్ చేస్తే లిస్టు ఖాళీ అవుతుంది, తర్వాత డబ్బా ప్లగ్గు తీసి ఒక నిమిషం ఆగి, అన్నీ తగిలించి మళ్లీ స్కాన్. రాబిట్ ఇయర్స్ ఒక్కో కడ్డీ 15, 16 అంగుళాలకి లాగి అడ్డంగా రెండు వైపులా చాపా. పూర్తిగా బారెడు లాగితే ఎక్కువొస్తుందని అందరూ అనుకుంటారు, ఛానెల్ 8కి అల సగం పొడవు 32 అంగుళాలే, రెండు కడ్డీలకీ కలిపి అంతే చాలు.

నాన్న డబ్బా చూపించే సిగ్నల్ మీటర్ చూస్తూ నేను బాల్కనీలో తిప్పుతుంటే, లోపల్నుంచి "ఒరే ఆగు ఆగు, పచ్చగొచ్చింది, చెయ్యి తియ్యి" అని కేక. చెయ్యి తీస్తే పోయింది. చివరికి గోడకి అడుగు దూరం జరిపితే నిలబడింది.

జూలై

ఇప్పుడు హ్యాంగర్లు యూహెచ్ఎఫ్‌కి, రాబిట్ ఇయర్స్ వీహెచ్ఎఫ్‌కి, రెండిటినీ కలపడానికి యూహెచ్ఎఫ్-వీహెచ్ఎఫ్ కంబైనర్. మామూలు స్ప్లిటర్‌ని తిప్పి పెడితే మూడున్నర డీబీ (సిగ్నల్ బలం కొలత) ఉత్తిపుణ్యానికి పోతుంది, కంబైనర్‌లో దాదాపు ఏమీ పోదు, ఏ బ్యాండు సిగ్నల్ ఆ బ్యాండుగా కలుస్తుంది.

మిగిలిన బాధ విమానాలు. డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు పక్కనే కదా, తక్కువ ఎత్తులో ఒకటి పోతే దాన్ని తగిలి వచ్చే సిగ్నల్ అసలు సిగ్నల్‌తో కలిసి మాట తెగుతుంది. అనలాగ్‌లో అయితే బొమ్మ కాస్త ఊగేది, మాట మాత్రం వినపడేది. దీనికి యాంప్లిఫయర్ పెట్టమంటున్నారు, నా లెక్కలో అది దండగ, ప్రతిధ్వనిని కూడా అంతే పెద్దది చేస్తుంది. వెనక ఇనప తీగ జల్లెడ పెట్టి ఒకే దిక్కు వినేలా చేస్తే నయం, ముందు హ్యాంగర్ల వెనక నాలుగంగుళాల దూరంలో పెట్టి చూస్తా.

ఫ్రిస్కోలో ఉండే మా బావ కూడా అడుగుతున్నాడు. వాళ్లకి సెడార్ హిల్ దాదాపు 40 మైళ్లు, ఇంట్లో పెట్టేవి కష్టం. అటక పైన పొడుగు కడ్డీలూ పొట్టి కడ్డీలూ రెండూ ఉన్న యాంటెనా దక్షిణానికి తిప్పి కట్టమన్నా. కేబుల్ వంద అడుగులుంటే యూహెచ్ఎఫ్‌లో ఐదారు డీబీ పోతుంది, వాళ్లింట్లో టీవీలు మూడు, అక్కడ ప్రీయాంప్ (కేబుల్లోకి పోకముందే సిగ్నల్ పెంచేది) పెట్టినా తప్పులేదు, కాకపోతే యాంటెనా మొదట్లో పెట్టాలి, టీవీ దగ్గర కాదు.