నోరు ఎడమ పక్కనున్న నత్త

ఆదివారం పాపను తీసుకుని ఆమదాలవలస దగ్గర మా ఊరి గెడ్డకు, అంటే చిన్న వాగుకు, వెళ్లాను. ఒక రాయి ఎత్తితే కింద వేలిగోరంత కూడా లేని నత్తలు, గుంపులుగా. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, పెంకు మొన పైకి, పెంకు నోరు (నత్త బయటికొచ్చే తెరుపు) నావైపు తిప్పి చూశాను. నోరు ఎడమ పక్కన ఉంది! మన పొలాల్లో దొరికే పెద్ద నత్తకు అది కుడి పక్కన ఉంటుంది, ఆ నోటికి గట్టి మూత కూడా ఉంటుంది. దీనికి మూతే లేదు. వెలుగులో పెడితే లోపలి మచ్చలు కనిపించేంత పల్చని పెంకు.

జువాలజీ చెప్పే మా బావకు ఫొటో పంపితే ఫైసా అక్యూటా అన్నారు. 1805లో ఫ్రాన్స్‌లోని గరోన్ నదిలో దొరికినవాటికి ఆ పేరు పెట్టారట. యూరప్‌దే అనుకున్నారు గానీ అసలు పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్వేరియం మొక్కలకు అంటుకుని దేశాలు దాటేసింది. జత దొరక్కపోయినా ఒక్కటే పిల్లల్ని చేయగలదు. మురుగు కలిసిన నీళ్లలోనూ బతికేస్తుంది.

అక్కడే నా గుండె జారింది. రెండేళ్ల క్రితం ఇల్లు మారేటప్పుడు అక్వేరియం నీళ్లూ మొక్కలూ ఈ గెడ్డలోనే పారబోశాను. ఇవి వాటితోనే వచ్చాయని చెప్పలేను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చిన్నప్పుడు అమ్మ వండిన నత్తల కూర ఈ గెడ్డ పక్క మడుల్లోంచే వచ్చేది. మొన్న గంటసేపు వెతికితే పెద్ద నత్తలు రెండే కనిపించాయి.

ఇంట్లో మిగిలిన మొక్కలను ఎండబెట్టి కాల్చేశాను. వచ్చే ఆదివారం పాపా నేనూ గెడ్డ ఎగువకు వెళ్తున్నాం, మూత ఉన్న నత్తలు అక్కడ ఇంకా ఉన్నాయేమో చూడాలి.